నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కదలికలను గమనించడం, ఎదుగుదలకు తోడ్పడటం ఎలా?

బిడ్డకు ఆరో నెల నిండింది. ఇంకా బోర్లా పడలేదు. అదే వారంలో పుట్టిన బంధువుల బిడ్డ ఈపాటికి మంచమంతా దొర్లుతోంది. వారాల తరబడి ఇంక్యుబేటర్ అద్దంలోంచి చూసుకుని, చివరికి ఇంటికి తెచ్చుకున్న తల్లిదండ్రులకు ఈ పోలికతో మళ్లీ దిగులు పట్టుకుంటుంది. చుట్టుపక్కల రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఏమీ కాదు, అదే సర్దుకుంటుంది" అనేది ఒకటి. "నెల తక్కువ పిల్లలు అంతే" అనేది ఇంకొకటి. రెండూ బిడ్డను చూడకుండా అనే మాటలే. కదలికలను చూడటం నేర్చుకుంటే, ఎక్కడ దిగులు పడాలో ఎక్కడ అక్కర్లేదో చాలావరకు తెలుస్తుంది.

1. ముందు వయసు లెక్క సరిచేసుకోండి

గర్భం పూర్తికాలం 40 వారాలు. 37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని కాన్పు అంటారు. 28 వారాల లోపే పుట్టిన పిల్లలు అందరికన్నా సున్నితం. బిడ్డ ఎన్ని వారాలు ముందు పుట్టిందో, అన్ని వారాలను ఇప్పటి వయసులోంచి తీసేయండి. మిగిలేదే సరిచేసిన వయసు.

పైన చెప్పిన బిడ్డ 30వ వారంలో పుట్టిందనుకుందాం. అంటే 10 వారాలు ముందు. పుట్టి 26 వారాలైతే సరిచేసిన వయసు 16 వారాలే. నాలుగు నెలలు కూడా పూర్తిగా నిండలేదు. ఆ వయసుకు బోర్లా పడకపోవడంలో వింతేమీ లేదు. రెండేళ్లు వచ్చేవరకు ఎదుగుదలను ఈ లెక్కతోనే చూడాలి. టీకాల విషయం మాత్రం వేరు. సాధారణంగా అవి పుట్టిన తేదీని బట్టే వేయించాలి. చాలామంది ఇక్కడే తికమకపడి టీకాలను వెనక్కి నెట్టేస్తుంటారు.

2. ఆసుపత్రి కాగితాలు పక్కన పెట్టుకుని కూర్చోండి

గర్భంలోని చివరి మూడు నెలలు మెదడుకు చాలా పని ఉన్న కాలం. 34వ వారంలో మెదడు బరువు, నెలలు నిండిన బిడ్డ మెదడు బరువులో దాదాపు మూడింట రెండు వంతులే ఉంటుంది. నునుపుగా ఉండే పైభాగం లోతైన ముడతలు పడేదీ ఈ నెలల్లోనే. ముందుగా పుట్టిన బిడ్డకు ఈ పనంతా బయట, వెలుతురూ చప్పుళ్ల మధ్య, సూదుల మధ్య జరగాలి.

32 వారాల లోపు పుట్టిన వారి మెదడు లోపల, ద్రవం ఉండే గదుల అంచున, చాలా పలచటి రక్తనాళాలు ఉంటాయి. రక్తపోటు కాస్త అటూ ఇటూ అయినా అవి చిట్లవచ్చు. ఈ రక్తస్రావం ఎక్కువగా పుట్టిన మొదటి మూడు నాలుగు రోజుల్లోనే జరుగుతుంది. అందుకే డాక్టర్లు నడినెత్తి మీది మెత్తని మాడు గుండా అల్ట్రాసౌండ్ తీస్తారు. ఆ గదుల పక్కనే ఉండే తెల్లని నరాల పోగులు దెబ్బతినడం మరో సమస్య. కాళ్లకు వెళ్లే పోగులు ఆ గదులకు అన్నింటికన్నా దగ్గరగా సాగుతాయి. ముందుగా పుట్టిన పిల్లల్లో ఇబ్బంది వస్తే, చేతుల కన్నా కాళ్లలో బిగువు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

కాబట్టి అడిగి రాసుకోవాల్సినవి ఇవి: మెదడు స్కాన్‌లో ఏముంది, రక్తస్రావం జరిగితే ఎన్నో గ్రేడు (ఎంత తీవ్రం), కంటి రెటీనా పరీక్ష అయిందా, వినికిడి పరీక్ష అయిందా, మళ్లీ ఎప్పుడు చూపించాలి. చూపు, వినికిడి సరిగా లేకపోతే కదలికలూ వెనకబడతాయి. బొమ్మ కనిపించని బిడ్డ దాని కోసం చేయి ఎందుకు చాస్తుంది?

3. ఒళ్లు ముడుచుకునే అవకాశం ఇవ్వండి

నెలలు నిండిన బిడ్డ గర్భంలో చోటు చాలక చేతులూ కాళ్లూ ముడుచుకుని పెరుగుతుంది. ఆ ముడుపు పుట్టాక కూడా కొన్నాళ్లు ఉంటుంది. ముందు పుట్టిన బిడ్డకు ఆ ఇరుకు దొరకలేదు. కండరాల్లో పట్టు తక్కువ. వెల్లకిలా పడుకోబెడితే చేతులు పక్కలకు జారిపోయి, తొడలు పరుచుకుని, కప్పలా కనిపిస్తుంది.

దీనికి అన్నింటికన్నా మంచి చోటు తల్లి రొమ్ము మీదే, తండ్రి ఛాతీ మీదే. డైపర్ మాత్రమే ఉంచి, బిడ్డను నిలువుగా, చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకుని కట్టుకునే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో ఎడ్గార్ రే అనే వైద్యుడు దీన్ని ప్రారంభించారు. నెల తక్కువ పిల్లలకు పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టాలని, రోజుకు 8 నుంచి 24 గంటల వరకు కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. తల ఒక పక్కకు తిరిగి, ముక్కుకు ఏదీ అడ్డు లేకుండా ఉండాలి. ఎత్తుకున్నప్పుడు కూడా రెండు చేతులూ బిడ్డ ముఖం ముందుకు వచ్చేలా, మోకాళ్లు కాస్త ముడిచి ఉండేలా పట్టుకోండి.

4. మెలకువలో బోర్లా, నిద్రలో వెల్లకిలా

ఇంటికి వచ్చాక నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే. పసిపిల్లల ఆకస్మిక మరణాల ముప్పు తగ్గేది దానితోనే. ముందు పుట్టిన పిల్లలకు ఆ ముప్పు మరింత ఎక్కువ. అందుకే దీనికి మినహాయింపు లేదు. మెలకువగా ఉన్నప్పుడు మాత్రం, మీరు పక్కనే ఉండి, బోర్లా పడుకోబెట్టండి.

మొదట్లో ఒకటి రెండు నిమిషాలు చాలు. వెనక్కి వాలి కూర్చుని బిడ్డను మీ ఛాతీ మీద పడుకోబెట్టుకున్నా సరే. మీ గొంతు వినగానే తల లేపాలని చూస్తుంది. నుదురు ముడతలు పడుతుంది, మెడ వణుకుతుంది, ముక్కు అంతెత్తు లేచి మళ్లీ ధబ్బున వాలుతుంది. ఆ ఒక్క క్షణంలో మెడ, భుజాలు, వీపు అన్నీ కలిసి పనిచేశాయి. అలసిపోయి ఏడిస్తే ఆపేయండి. తర్వాత మళ్లీ చేయవచ్చు. ఒక్కసారి ఎక్కువసేపు ఏడిపించడం కన్నా రోజుకు పదిసార్లు కొద్దికొద్దిగా చేయించడమే మేలని నా గట్టి అభిప్రాయం.

5. మూడు నిమిషాల వీడియో తీయండి

ఈ పని చాలామందికి తెలియదు. సరిచేసిన వయసు 12 నుంచి 16 వారాల మధ్య ఉన్నప్పుడు, హుషారుగా ఉన్న పాపను వెల్లకిలా పడుకోబెట్టి చూడండి. మెడ, భుజాలు, మణికట్లు, నడుము, చీలమండలు చిన్నచిన్నగా, గుండ్రంగా, ఆగకుండా కదులుతుంటాయి. ఒళ్లంతా సన్నని అలలు పాకినట్టు ఉంటుంది. హైంజ్ ప్రెక్టల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఈ కదలికలకు ఎంత విలువ ఉందో చూపించారు. ఇవి ఉంటే సెరిబ్రల్ పాల్సీ, అంటే ఎదిగే మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపు తప్పే సమస్య, వచ్చే అవకాశం చాలా తక్కువ. అసలే కనిపించకపోతే వెంటనే నిపుణులకు చూపించాలి. స్కాన్, నరాల పరీక్షలతో కలిపి చూస్తే ఐదారు నెలల లోపే సమస్యను పట్టుకోవడం ఇప్పుడు సాధ్యం.

చేతులూ కాళ్లూ కనిపించేలా పలచటి బట్టలు వేసి, ఫోన్‌ను పైనుంచి కదలకుండా పట్టుకుని తీయండి. ఏడుపు ఉండకూడదు. నోట్లో పాలపీక ఉండకూడదు. మీరు పలకరించకూడదు, బొమ్మ చూపించకూడదు. ఆ వీడియోను ఈ కదలికల పరీక్షలో శిక్షణ పొందిన డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించండి. తీర్పు వారిదే.

6. తేదీలు కాదు, గడువులు చూడండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు దేశాల పిల్లలను గమనించి 2006లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం దాదాపు 4 నుంచి 9 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. సొంతంగా నడవడం దాదాపు 8 నెలల నుంచి పదిహేడున్నర నెలల వరకు. ఎంత పెద్ద గడువో చూడండి. కొందరు ఆరోగ్యవంతులైన పిల్లలు మోకాళ్ల మీద పాకకుండానే నడిచేస్తారు. మీ బిడ్డకు ఈ నెలలన్నీ సరిచేసిన వయసుతోనే పోల్చాలి.

7. వీటిలో ఏది కనిపించినా ఆగకండి

ఇక్కడ చెప్పే వయసులన్నీ సరిచేసినవే. రెండు నెలలు దాటినా ముఖం చూసి నవ్వకపోవడం. నాలుగు నెలలకు మెడ నిలవకపోవడం, పిడికిళ్లు ఎప్పుడూ బిగించే ఉండటం. తొమ్మిది నెలలకు కూర్చోలేకపోవడం. డైపర్ మార్చేటప్పుడు కాళ్లు విడదీయడం కష్టం కావడం, నిలబెడితే కాళ్లు కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి రావడం, ఎప్పుడూ మునివేళ్ల మీదే నిలబడటం. అప్పటికే నేర్చుకున్న పనిని మళ్లీ చేయలేకపోవడం ఏ వయసులోనైనా ప్రమాద సూచనే.

ఒకటి మాత్రం విడిగా చెప్పాలి. ఏడాది లోపే బిడ్డ ఎప్పుడూ ఒకే చేతితో అందుకుంటుంటే, "మా వాడు ఎడమచేతి వాటం" అని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఆ వయసులో చేతివాటం ఏర్పడదు. రెండో చేయి ఎందుకు ఊరుకుంటోందో చూడాలి. ఒక గిలకను బిడ్డకు సరిగ్గా ఎదురుగా పట్టుకుని, ఒకసారి ఈ చేతికి, మరోసారి ఆ చేతికి దగ్గరగా జరపండి. ఎటు జరిపినా ఒకే చేయి ఒంటి మీదుగా వచ్చి లాక్కుంటుంటే, మరుసటి వారానికి వాయిదా వేయకుండా డాక్టరును కలవండి.

మొదటి ఏడాదిలో కొందరికి భుజాలు వెనక్కి లాగినట్టు, వీపు విల్లులా వంగినట్టు ఉండి, తర్వాత దానంతట అదే తగ్గుతుంది. కానీ తగ్గేదేదో తగ్గనిదేదో ఇంట్లో తేల్చగలిగే విషయం కాదు. ముందు పుట్టిన పిల్లల్లో ఎక్కువమందికి సెరిబ్రల్ పాల్సీ రాదు. వచ్చినవారికి చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. వెళ్లి ఏమీ లేదని తెలుసుకుని వస్తే పోయేది ఒక పూట మాత్రమే.

8. నేల మీద వదలండి, వాకర్ కొనకండి

చక్రాల వాకర్‌లో బిడ్డ తన బరువు తాను మోయకుండానే మునివేళ్లతో నేలను నెడుతుంది. నడక త్వరగా రాదు సరికదా, మెట్ల మీది నుంచి పడే ప్రమాదం ఉంటుంది. కెనడా 2004లో వాటిని నిషేధించింది. గట్టి నేల మీద పరిచిన దుప్పటి, కాస్త దూరంలో ఒక బొమ్మ, ఎదురుగా మీ ముఖం చాలు.

9. నడక వచ్చాక కూడా చూస్తూనే ఉండండి

రెండేళ్ల వయసులో ఒకసారి నిపుణులతో పూర్తి పరీక్ష చేయించండి. కొన్ని ఇబ్బందులు బడిలో చేరాకే బయటపడతాయి. బొత్తాలు పెట్టుకోలేకపోవడం, బంతి పట్టుకోలేకపోవడం, రాస్తుంటే చేయి త్వరగా నొప్పి పుట్టడం, లెక్కల్లో వెనకబడటం, ఒకచోట మనసు నిలవకపోవడం. ఇలాంటి బిడ్డను బద్ధకస్తుడని తిట్టడం అన్యాయం. బడిలో చేర్చేటప్పుడే టీచరుకు బిడ్డ ఎన్నో వారంలో పుట్టిందో చెప్పండి. ఆ పాత ఆసుపత్రి కాగితాలు అప్పటికీ మీ దగ్గర భద్రంగా ఉండాలి.