రాయగడ వైపు కొత్తగా వచ్చిన విశ్వాసులకు: ఆదివారం గదిలో ఉండిపోకండి

గత నెలలో ఒడిశా రాయగడ జిల్లాలోని మునిగుడ దగ్గర అద్దె గదిలో ఒక తమ్ముణ్ణి చూసి వచ్చాను. మంచం మీద దుప్పటి కప్పుకొని పడుకొని ఉన్నాడు. తలాపున బైబిలు ఉంది, దాని పక్కన చార్జింగుకు పెట్టిన ఫోనులో తన ఊరి సంఘం ఆరాధన వస్తోంది, గుమ్మం దగ్గర మెస్సువాళ్ళు పెట్టి వెళ్ళిన క్యారియరు మూత తీయకుండానే ఉంది. నాలుగు రోజులుగా జ్వరం, మూడు రోజులుగా ఉపవాసం. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. "ఇది అపవాది దాడి అన్నా, ప్రార్థనతోనే జయించాలి" అన్నాడు. వచ్చి ఏడు నెలలైంది. గదికి పది నిమిషాల నడకలో మందిరం ఉంది. ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని అడిగితే, ఒడియా అర్థం కాదన్నాడు.

అతని గదిలోంచి బయటికి వచ్చినప్పటి నుంచీ ఈ నాలుగు మాటలు రాయాలని మనసు పీకుతూనే ఉంది. ఇల్లు వెతుక్కోవడం, గ్యాసు, బ్యాంకు, విజయనగరం వెళ్ళే రైళ్ళు, ఇవన్నీ మీతో పనిచేసేవారే చెబుతారు. వాళ్ళు చెప్పని సంగతి ఒకటి ఉంది. విశ్వాసంలో పడిపోయేవారిలో ఎక్కువమంది ఇక్కడ పెద్ద పాపం చేసి పడిపోరు. ఒంటరిగా ఉండి, ఆదివారం తర్వాత ఆదివారం గదిలోనే గడిపి, నెమ్మదిగా జారిపోతారు.

పదహారేళ్ళ క్రితం నేనూ అలాగే జారాను. గోదావరి ఒడ్డు నుంచి వచ్చి బిస్సంకటక్ వైపు ఒక రోడ్డు కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే పనిలో చేరాను. బజారులో తెలుగు చెల్లుతుంది కాబట్టి భాష నేర్చుకోవలసిన అవసరం కనిపించలేదు. మొదటి ఆదివారం అక్కడి మందిరానికి వెళ్ళి, వెనక బెంచీ చివర కూర్చొని, పాటా ప్రసంగమూ ఏదీ తలకెక్కక, చివరి ప్రార్థనకు అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు లేచి వచ్చేశాను. తర్వాత ఐదు నెలలు మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మెమరీ కార్డులో మన పాటలు, మా పాస్టరు గారి ప్రసంగాలు ఉన్నాయి కదా, అవి చాలనుకున్నాను.

రెండో నెలలో జీతం ఆగింది. మూడో నెలలో ఇంటి దగ్గర అమ్మకు జబ్బు చేసింది, సెలవు దొరకలేదు. రాత్రి మోకరిస్తే నోట మాట వచ్చేది కాదు. చిన్నప్పటి నుంచి కంఠస్థంగా వచ్చిన కీర్తన సగంలో ఆగిపోయేది, దేవుడు నన్ను ఈ కొండల మధ్య వదిలేశాడన్న తలంపు ఒకసారి లోపలికి వచ్చాక ఇక బయటికి పోలేదు. అమ్మ ఫోను చేస్తే బాగున్నానని చెప్పేవాణ్ణి. సాయంత్రాలు పనివాళ్ళు ఇప్పసారా దగ్గర కూర్చుంటే, గదికి వెళ్ళడానికి భయపడి వాళ్ళ పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. మొదట ఊరికే కూర్చున్నాను, తర్వాత ఊరికే కూర్చోలేదు. ఇంతకంటే ఎక్కువ రాయడం ఇప్పటికీ నాకు కష్టంగా ఉంది.

నన్ను అందులోంచి లేపింది ఒక పెద్దావిడ. సంతలో కూరగాయల దగ్గర నా చొక్కా చెయ్యి పట్టుకొని, వచ్చీరాని తెలుగులో, "వెనక బెంచీ బాబు నువ్వే కదా, ఎందుకు రావడం లేదు?" అని అడిగింది. ఒక్క ఆదివారం, అదీ సగం ఆరాధన, నేనక్కడ ఉన్నది అంతే. నా పేరు కూడా తెలియకుండా ఐదు నెలలుగా బుధవారం ప్రార్థన కూడికలో "ఆంధ్రా బాబు" కోసం ప్రార్థిస్తున్నారట. ఆ సంతలో, టమాటాల బుట్ట ముందు, నేను ఏడ్చాను.

అందుకే తమ్ముళ్ళూ, కాస్త గట్టిగా చెబుతున్నాను. ఫోనులో వచ్చేది వాక్యమే, కాదనను, నేనూ వింటాను. కానీ ఫోనులో బోధించే పాస్టరు గారికి మీరు అన్నం తిన్నారో లేదో కనబడదు. మీ కళ్ళు పచ్చబడ్డాయని, మీరు రెండు వారాలుగా పాట పాడడం లేదని, మీ నోటి నుంచి సారా వాసన వస్తోందని ఆయనకు తెలియదు. ప్రభు బల్ల దగ్గర రొట్టె ఫోనులోంచి చేతికి రాదు. "సమాజముగా కూడుట మానక" అని హెబ్రీ పత్రిక చెప్పినప్పుడు, అర్థమయ్యే భాషలో మాత్రమే కూడమని చెప్పలేదు.

పేతురు మొదటి పత్రిక ఎవరికి రాశాడో మొదటి వచనంలోనే ఉంది, మనం చదవకుండా దాటిపోతాం. పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియలలో చెదరి ఉన్న యాత్రికులకు, అంటే మనలాగే సొంతం కాని ఊళ్ళో ఉంటున్నవారికి. గర్జించు సింహమువలె అపవాది తిరుగుచున్నాడని హెచ్చరించినది వాళ్ళనే. "విశ్వాసమందు స్థిరులై వానిని ఎదిరించుడి" అన్న ఆ మాట పక్కనే, లోకంలో ఉన్న మీ సహోదరులూ ఇవే శ్రమలు పడుతున్నారని తెలుసుకోమంటాడు. ఎదిరించే బలం, నీవొక్కడివే ఇలా లేవన్న ఎరుకతో ముడిపడి ఉంది. ఎఫెసీ ఆరవ అధ్యాయం కూడా అంతే. సర్వాంగ కవచం గురించి చదివినప్పుడల్లా ఒక్కడే వీరుడు మన కళ్ళ ముందుకు వస్తాడు, కానీ మన తెలుగు బైబిల్లో స్పష్టంగా "ధరించుకొనుడి", "పట్టుకొనుడి" అని బహువచనమే ఉంది. పౌలు చెప్పిన డాలు, రోమా సైనికులు పట్టే తలుపంత డాలు. పక్కవాడి డాలుకు ఆనించి వరుసగా నిలబడడానికి కూడా ఆ ఆకారం పనికొచ్చేది. పక్కన ఎవరూ లేకుండా దాన్ని మోస్తే చేతులు నొప్పి పుడతాయి, పక్కల నుంచి వచ్చే బాణం తగలనే తగులుతుంది.

జ్వరం సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ దానివల్ల ప్రాణాలే పోతాయి. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు మలేరియాకు పేరుపడ్డ ప్రాంతాలు. ఇక్కడ ఎక్కువగా కనిపించే ఫాల్సిపారం రకం ఆలస్యం చేస్తే మెదడు దాకా పోతుంది. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించుకోండి. ఊళ్ళో ఆశా కార్యకర్త వేలి కొస మీద పొడిచి ఒక్క చుక్కతో చూస్తుంది, అరగంట కూడా పట్టదు. బిస్సంకటక్‌లో 1954 నుంచి క్రైస్తవ ఆసుపత్రి ఉంది. డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ దాన్ని మొదలుపెట్టింది, ప్రార్థన తెలిసిన మనిషే, అయినా ఆసుపత్రే కట్టింది. ఏలీయా ప్రవక్త బదరీచెట్టు కింద చావు కోరుకున్నప్పుడు దేవదూత మొదట పెట్టింది నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు. తిని పడుకొన్నవాణ్ణి రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. దేవుడు ఆయనతో మాట్లాడడం ఆ తర్వాతి సంగతి. ఉపవాసం మంచిదే, ఆరోగ్యం ఉన్నప్పుడు చేయండి. జ్వరంతో ఉపవాసం ఉండి దాన్ని విశ్వాసమనుకోవద్దు.

ఉత్సాహం ఎక్కువున్న తమ్ముళ్ళకు ఒక మాట. వచ్చిన నెలలోనే వీధిలో సభ పెట్టడం, ఎవరికో బాప్తిస్మం ఇప్పించడానికి తిరగడం వద్దు. బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్చడాన్ని నిషేధించే చట్టం ఒడిశాలో 1967లోనే వచ్చింది. మత మార్పిడి విషయంలో నియమాలున్నాయి, అవి స్థానిక పాస్టర్లకు తెలుసు. మీ తొందర వల్ల వచ్చే కష్టం మీరు బదిలీ మీద వెళ్ళిపోయాక కూడా వాళ్ళ మీదే ఉంటుంది. కోరాపుట్ ప్రాంతానికి జర్మనీ నుంచి లూథరన్ మిషనరీలు వచ్చినది 1882లో. ఆ సంఘాలు మీరు రాకముందే శ్రమలు చూసి నిలబడ్డవి. వాళ్ళ దగ్గర కూర్చొని నేర్చుకోండి.

ఇక ఎలా మొదలుపెట్టాలంటే, బయలుదేరే ముందు మీ సంఘం నుంచి సభ్యత్వ ఉత్తరం తెచ్చుకోండి, తేకపోతే ఇప్పుడైనా పంపించమనండి. రాయగడ, గుణుపురం, జయపురం లాంటి పట్టణాల్లో తెలుగు ఆరాధన ఎక్కడుందో విచారించండి. దొరికితే మంచిదే, దొరకనిచోట ఒడియా మందిరానికి వెళ్ళండి. వెనక బెంచీలో కూర్చోకండి. చివరి ప్రార్థన అయ్యేదాకా ఉండండి, అయ్యాక కూడా వెంటనే చెప్పులు తొడుక్కోకండి, ఎందుకంటే పరిచయాలు ఆ పావుగంటలోనే అవుతాయి. 1936 దాకా కోరాపుట్, రాయగడ మద్రాసు రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లాతో కలిసి ఉన్నవే, అందుకే తెలుగు తెలిసిన పెద్దవారు చాలా సంఘాల్లో ఒకరిద్దరు కనిపిస్తారు. వారిలో ఒక్కరికైనా మీ నిజమైన పరిస్థితి చెప్పండి. "ప్రార్థన చేయండి అంకుల్" అని అంతటితో వదిలేయకుండా, జీతం రాలేదని, నిద్ర పట్టడం లేదని, దేవుడి మీద అనుమానం వస్తోందని చెప్పండి. అనుమానం బయటికి చెప్పినందుకు నన్ను ఇక్కడ ఎవరూ వెలివేయలేదు.

భాష గురించి భయపడుతున్నారు కదా. విశ్వాసాన్ని వాళ్ళు బిశ్వాస అంటారు, క్షమను ఖ్యమా అంటారు, యేసును జీశు అంటారు. పితా, ప్రభు, ప్రార్థనా అనేవి మీకు నేర్పనక్కర్లేదు. మూడు నెలలు విడవకుండా వెళితే ప్రసంగంలో సగం దానంతట అదే చెవికెక్కుతుంది. పోరాటం అప్పటికీ పూర్తిగా పోదు, పోతుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. నాకు ఇప్పటికీ కొన్ని రాత్రులు బరువుగానే ఉంటాయి. అయినా ఆ ఐదు నెలల్లాంటి రాత్రి మళ్ళీ రాలేదు. ఇదీ చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: మీరూ నిలబడతారు.

మునిగుడ తమ్ముడికి మలేరియా అనే తేలింది. మూడు రోజుల మందుతో జ్వరం దిగింది. పోయిన ఆదివారం మధ్యాహ్నం ఫోను చేసి, ప్రసంగం ఏమీ అర్థం కాలేదు గానీ పక్కన కూర్చున్న తాతగారు బైబిల్లో వచనం దగ్గర వేలు పెట్టి చూపిస్తూనే ఉన్నారు, ఆరాధన అయ్యాక అన్నానికి ఇంటికి తీసుకుపోయారని చెప్పాడు. ఏం వండారని అడిగాను. దాల్మా అట, అంటే పప్పులో కూరగాయలు వేసి వండే ఒడియా వంటకం, రెండుసార్లు పెట్టించుకున్నాడట.