కుషింగ్స్ జబ్బు, మధుమేహం రెండూ ఉన్న కుక్కకు ఇన్సులిన్ వేసే ముందు జాగ్రత్తలు

ముందుగా కుక్క తిండి తిన్నదో లేదో చూడండి. తినకపోయినా, వాంతి చేసుకున్నా సూది వేయకుండా పశువైద్యులకు ఫోన్ చేసి, కుషింగ్స్‌కు ఇచ్చే ట్రైలోస్టేన్ మందును కూడా వారు చెప్పేవరకు ఆపండి. కుషింగ్స్‌లో అధికమయ్యే కార్టిసాల్ అనే హార్మోను ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనీయదు గనుక, ఆ కార్టిసాల్‌ను తగ్గించే ట్రైలోస్టేన్ మొదలుపెట్టాక పాత ఇన్సులిన్ మోతాదే ఎక్కువైపోయి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అన్నిటికంటే భయపడవలసింది దీనికే. తూలడం, వణకడం కనిపిస్తే చిగుళ్లకు తేనె రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ సీసాకు U-40 అని రాసి ఉన్న సిరంజినే వాడాలి. ఒంగోలు, కావలి ఎండల్లో కరెంటు పోయినా ఇన్సులిన్‌ను 2–8 డిగ్రీల మధ్యే ఉంచాలి, అయితే ఐసుకు నేరుగా తగలనీయకూడదు, గడ్డకట్టినది పనికిరాదు. దాహం ఎక్కువైందని నీళ్ల గిన్నె తీసేయకండి, పాపం, ఆ దాహం జబ్బు వల్ల వచ్చిందే.