హార్నెస్ జారుతోందా? బెల్టు బిగించే ముందు రింగు చూడండి

విశాఖ పెదవాల్తేరులో బ్యాగులు, బెల్టులు కుట్టడం నా పని. స్ట్రాప్ ఆన్ హార్నెస్‌లు, అంటే డిల్డోని (కృత్రిమ అంగాన్ని) ఒంటికి కట్టుకునే పట్టీలు, బాగు చేస్తానని బోర్డు మీద రాయలేదు గానీ, తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకు చెప్పి పంపుతుంటారు. నల్ల కవర్లో చుట్టి తెస్తారు. షాపులో ఇంకెవరూ లేరని రెండుసార్లు చూసుకుని బయటికి తీస్తారు. ఆ తర్వాత అందరిదీ ఒకటే మాట: "వదులైపోతోందండీ, ఇంకో చిల్లు పెట్టండి."

చిల్లు పెట్టడం నాకు నిమిషం పని. కానీ చాలాసార్లు తప్పు బెల్టుది కాదు. డిల్డోని పట్టి ఉంచేది నడుము చుట్టూ ఉన్న పట్టీ కాదు, ముందున్న ఓ-రింగు, అంటే డిల్డోని దూర్చే గుండ్రటి రింగు. అది వదులుగా ఉంటే బెల్టు ఊపిరాడనంతగా బిగించినా ముందుది కిందికి వాలుతూనే ఉంటుంది. పైగా తొడ తిమ్మిరెక్కుతుంది.

ఊగుతోంది, కిందికి వాలుతోంది

ముందు హార్నెస్ ఒంటి మీద పెట్టుకోకుండానే డిల్డోని రింగులో దూర్చి, తలకిందులు చేసి ఆడించండి. అక్కడే ఊగితే సైజు తప్పు. డిల్డో అడుగుకి కాస్త పైన ఒక దారం చుట్టి, ఆ పొడవుని 3.14తో భాగించండి. 138 మిల్లీమీటర్లు వస్తే మీ రింగు 44, అంటే ఒకటీ ముప్పావు అంగుళం. ఎక్కువగా దొరికే సైజులు 38, 44, 51. రబ్బరు, సిలికాన్ రింగులైతే ఒక పిసరు బిగువుగా తీసుకోండి, సాగుతాయి. స్టీలు రింగు సాగదు, కొలత సరిగ్గా ఉండాలి.

తర్వాత వెనక నుంచి రెండు బొటనవేళ్లతో గట్టిగా తోయండి. అడుగు రింగులోంచి బయటికి వచ్చేస్తే అది చిన్నది. రింగు కన్నా కనీసం అర అంగుళం వెడల్పుండాలి. అడుగు పళ్లెంలా విచ్చుకోని డిల్డో హార్నెస్‌కే కాదు, వెనకవైపు వాడకానికి అసలు పనికిరాదు. లోపలికి జారిపోతే ఇంట్లో తంటాలు పడొద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

మొదట బాగానే ఉంది, రెండు నెలలకే వదులైంది

ఇక్కడే నేనూ బోల్తా పడ్డాను. ఒక జంట ఒకే హార్నెస్ మూడుసార్లు తెచ్చారు. మూడుసార్లూ నేను చిల్లు పెట్టి పంపాను, రెండోసారి పట్టీ కూడా కత్తిరించి కుట్టాను. నాలుగోసారి వచ్చినప్పుడు పట్టీలో ఇక చిల్లు పెట్టడానికి చోటు లేదు. అప్పుడు గానీ రింగుని చేత్తో పట్టి చూడాలని తట్టలేదు. మెత్తగా, జిడ్డుగా ఉంది. వేలితో నొక్కితే గోటి గుర్తు అలాగే ఉండిపోయింది. కొత్త రింగు పక్కన పెడితే తేడా కంటికే తెలిసింది: పాతది ఉబ్బి, లోపలి రంధ్రం పెద్దదైంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరి నూనె వాసన.

జారడానికి ఏం రాస్తారని అడిగితే "జెల్ ఎందుకండీ, ఇంట్లో పారాచూట్ ఉంది కదా" అన్నారు. మన ఇళ్లలో తలకీ, ఒంటికీ, పొడి చర్మానికీ అన్నిటికీ అదే కదా, ఇక్కడికీ వచ్చేసింది. నమ్మకం కుదరక అదే రకం పాత రింగొకటి స్టీలు గ్లాసులో కొబ్బరి నూనె పోసి మూడు రోజులు ఉంచాను. తీసేసరికి ఉబ్బి మెత్తబడిపోయింది.

నూనె సహజ రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది, బలం తీసేస్తుంది. కొబ్బరి నూనె, బేబీ ఆయిల్, వాజ్‌లైన్ అన్నీ అంతే. రింగు వదులైతే డబ్బు నష్టం మాత్రమే. అదే నూనె డిల్డో మీద తొడిగిన లేటెక్స్ కండోమ్‌కి తగిలితే అది కొద్ది నిమిషాల్లోనే బలహీనపడి చిరుగుతుంది. ఇద్దరు ఒకే డిల్డో వాడుతూ కండోమే రక్ష అనుకునేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి ఉబ్బిన రింగుని పారేయండి, ఎండబెడితే మళ్లీ మామూలవదు. దాని చోట సిలికాన్ లేదా స్టెయిన్‌లెస్ స్టీలు రింగు వేయండి. నీటి ఆధారిత జెల్ ఒక్కటే వాడండి. సిలికాన్ జెల్ కండోమ్‌కి మంచిదే గానీ సిలికాన్ డిల్డో పైపొరని జిగురుగా చేసేయగలదు. పట్టీల కుట్లలో నూనె దాగి ఉంటుంది, గోరువెచ్చని సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రెండుసార్లు రుద్దకపోతే కొత్త రింగుకీ అంటుకుంటుంది.

తిమ్మిరి, ఒరుపు

తొడ పక్కన చీమలు పాకినట్టుంటే పట్టీ తుంటి ఎముక దగ్గర నరాన్ని నొక్కుతోంది. వెంటనే విప్పండి, "అలవాటవుతుందిలే" అనుకోవద్దు. పట్టీ కింద రెండు వేళ్లు ఆడాలి. ముందు ఎముక మీద అడుగు గుచ్చుకుంటే మెత్తటి కాటన్ గుడ్డ మడత పెట్టండి.

వాసన, బూజు, తుప్పు

విశాఖ కదా, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో గ్రిల్లే నిలవదు, నికెల్ పూత వేసిన బకిల్ ఎంత? కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా అంటుకుంటే తుప్పుపట్టే రకమని అనుమానించండి. ఇక్కడ లెదర్ కన్నా నైలాన్ పట్టీ మేలని నా అభిప్రాయం, ఉతికి నీడలో ఆరేయొచ్చు. లెదరే కావాలంటే వాడిన వెంటనే తడిగుడ్డతో తుడిచి, గాలి ఆడేలా కాటన్ సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో మడిచి బీరువాలో దాస్తే వానాకాలం పోయేలోపు తెల్ల బూజు. మోటార్ లేని సిలికాన్ డిల్డోని అయిదు నిమిషాలు నీళ్లలో మరిగిస్తే చాలు. ఒకరి నుంచి ఒకరికి, వెనక నుంచి ముందుకి మారేటప్పుడు కొత్త కండోమ్.

కుట్టు ఊడటం, బకిల్ పుల్ల విరగడం, వెల్క్రో దారాలు పట్టడం అరుదు. అవి చూడగానే తెలిసిపోతాయి, కుట్టించుకుంటే సరి. పూర్ణా మార్కెట్ వైపు ప్లంబింగ్ షాపులో దొరికే నల్ల రింగు వేయమని అడుగుతుంటారు. అంచు కోసుకుంటుంది, చర్మం మీద వాడటానికి చేసింది కాదు, నేను బిగించను.