సర్వర్ బ్యాకప్ ఎక్కడ ఉంచాలి: ఆఫీసులోనా, పొరుగూరిలోనా?

సర్వర్ డేటా బ్యాకప్‌ను ఎక్కడ ఉంచాలో తేల్చుకునే ముందు, డేటా పోయిన రోజున దాన్ని ఎన్ని గంటల్లో వెనక్కి తెచ్చుకోగలమో లెక్క వేసుకోవాలి. రెండు టెరాబైట్లను 100 ఎంబీపీఎస్ లైను మీద దించుకోవాలంటే, లైను ఎక్కడా తెగకుండా పూర్తి వేగంతో నడిచినా దాదాపు 44 గంటలు పడుతుంది; అదే డేటా పక్క గదిలోని నాస్‌లో (నెట్‌వర్క్‌కు కలిపిన డిస్కుల పెట్టెలో) ఉంటే, గిగాబిట్ నెట్‌వర్క్ మీద సుమారు నాలుగున్నర గంటల్లో వచ్చేస్తుంది. అందువల్ల పొరపాటున చెరిపేసిన ఫైలుకూ, చెడిపోయిన డిస్కుకూ ఆఫీసులోని కాపీయే అక్కరకొస్తుంది. ఒకే డేటాను రెండు డిస్కుల మీద ఒకేసారి రాసే రెయిడ్ ఉంది కదా అని ఆ కాపీని మానేసేవారు కొందరున్నారు గానీ, ఒక డిస్కులో చెరిపిన ఫైలు రెండో డిస్కులోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది.

అయితే ఆ కాపీ సర్వర్‌తో పాటే పోయే ప్రమాదం ఉంది. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌ను ముంచెత్తిన వానకు నేను చూసుకుంటున్న ఒక ఆఫీసు సెల్లార్‌లోకి నీళ్లు వచ్చాయి. సర్వర్, నాస్, యూపీఎస్ మూడూ ఒకే ర్యాకులో ఉండేవి. మర్నాడు మోటారు పెట్టి నీళ్లు తోడించాక చూస్తే, కింది అరల్లోని యూపీఎస్, నాస్ బురదలో ఉన్నాయి; పై అరలోని సర్వర్ మాత్రం మిగిలింది. అది అదృష్టమే తప్ప మా ఏర్పాటు కాదు. డేటాకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్‌కైతే వానతో పని లేదు: నాస్‌ను సర్వర్‌కు ఎప్పుడూ మౌంట్ చేసి (డ్రైవ్‌లా కలిపి) ఉంచితే, అందులోని కాపీలను కూడా అది ఎన్‌క్రిప్ట్ చేసి తెరవకుండా చేసేస్తుంది.

కాబట్టి రెండో కాపీ బయట ఉండాలి. అమీర్‌పేట ఆఫీసు కాపీని గచ్చిబౌలి బ్రాంచిలో పెడితే అగ్నిప్రమాదం నుంచి కాపాడుకోవచ్చు గానీ, ఊరంతటికీ వచ్చే వానకు ఆ దూరం చాలకపోవచ్చు. అమెజాన్ క్లౌడ్‌కు ముంబైలో 2016 నుంచీ, హైదరాబాద్‌లో 2022 నుంచీ రీజియన్లు (డేటా సెంటర్ల సముదాయాలు) ఉన్నాయి. మీ సర్వర్ హైదరాబాద్‌లో నడుస్తున్నప్పుడు, అది క్లౌడ్‌లోనిదైనా సరే, బయటి కాపీకి ముంబైని ఎంచుకోవడం మంచిది. మారిన భాగాన్ని మాత్రమే పంపే రెస్టిక్ వంటి సాధనంతో, మొదటిసారి తప్ప, రాత్రిపూట పని తేలికగా ముగుస్తుంది. దించుకునేటప్పుడు పడే డేటా చార్జీలను ముందే చూసుకోవాలి. బ్యాకప్ పాస్‌వర్డును సర్వర్‌లోనే దాచుకుంటే సర్వర్‌తో పాటు అదీ పోతుంది గనుక, కాగితం మీద రాసి ఆఫీసు బయట భద్రపరచాలి. నెలకోసారి ముంబై కాపీని వేరే మెషీన్ మీదికి దించి, డేటాబేస్ తెరిచి, ముందురోజు వేసిన చివరి ఇన్‌వాయిస్ నంబరు అందులో కనిపిస్తోందో లేదో చూడాలి.