మంచుకూ పదునుంటుంది: స్కీయింగ్ స్వయంబోధిని, నాలుగో పాఠం

పోయిన పాఠంలో పాదం కొలత అడిగాను. మడమ గోడకు ఆనించి కాగితం మీద నిలబడి, బొటనవేలి కొసదాకా సెంటీమీటర్లలో కొలిచి రాసుకున్నారనుకుంటాను. స్కీ బూటుకు ఆ అంకే సైజు. 26 సెంటీమీటర్ల పాదానికి 26 బూటు. కిరాయి దుకాణంలో మీ మామూలు చెప్పుల సైజు అడిగితే చెప్పకండి, ఈ కాగితం చూపించండి. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు మొదటిసారి పోయినప్పుడు నేను చలికి భయపడి రెండు జతల సాక్సులు తొడిగి, వాటికి సరిపోయే పెద్ద బూటు తీసుకున్నాను. లోపల మడమ లేచి పడుతుంటే స్కీ ఎటు తిప్పినా తిరగలేదు. పైగా సాక్సులు బిగుసుకుని, రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడ్డాయి. ఒక్క జత, పలచటి ఉన్ని సాక్సులు చాలు. నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు బూటు ముందు గోడకు తగలాలి, మోకాళ్లు ముందుకు వంచితే కొంచెం వెనక్కి జరగాలి. ఇదొక్కటే పరీక్ష.

బనియన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనం పత్తి పండించే జిల్లాలవాళ్లం, పత్తి బట్ట వద్దనడానికి మనసొప్పదు. కానీ పత్తి చెమటను పీల్చుకుని తొందరగా ఆరదు. చెమటలు కక్కుతూ కిందికి దిగి, మళ్లీ లిఫ్ట్‌లో కూర్చున్నప్పుడు ఆ తడి ఒంటి వేడినంతా లాగేస్తుంది. ఉన్ని అట్లా కాదు, తడిసినా కొంత వెచ్చదనం మిగుల్చుకుంటుంది. ముసురులో గొర్ల వెంట గొంగడి కప్పుకుని తిరిగే గొల్ల కురుమలకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒంటికి ఆనుకునే బట్ట ఉన్నిదో పాలియెస్టర్‌దో ఉండాలి.

ఇక ఈనాటి పాఠం, మంచు.

మన దగ్గర నేలకు ఎన్ని పేర్లో చూడండి. చెల్క, రేగడి, దుబ్బ, చౌడు. పేరు చెప్తే చాలు, ఎన్నిసార్లు దున్నాలో, ఏం పండుతుందో తెలిసిపోతుంది. మంచుకు మాత్రం మనకున్నది ఒక్కటే మాట. డిసెంబరు పొద్దున కందిచేల మీద తడిగా కనబడేదీ మంచే, హిమాలయాల్లో మూడు మీటర్ల మందాన పేరుకునేదీ మంచే. అందుకే అక్కడికి పోయిన మనవాళ్లకు తెల్లటిదంతా ఒక్కలాగే కనిపిస్తుంది. నాకూ అంతే. దాన్ని నేలలాగా చూడడం మొదలుపెట్టాకే నాకు అది అర్థమైంది.

దేవరకొండ దగ్గర మా చెల్కలో వాన వెలిసిన మర్నాడు మా నాయిన నాగలి కట్టే ముందు గుప్పెడు మట్టి తీసి పిసికేవాడు. ముద్ద కట్టి, వేలితో నొక్కితే విడిపోతే పదునున్నట్టు. జిగటగా అంటుకుంటే ఆగేవాడు. "పదును తప్పినంక దున్నితే గడ్డలే లేస్తయి బిడ్డా" అనేవాడు. మంచు శాస్త్రం చదివినవాళ్లు చేసే మొదటి పరీక్ష కూడా అచ్చం ఇదే. గ్లవ్ తీయకుండా గుప్పెడు మంచు పట్టి పిసకండి. ఎంత పిసికినా ముద్ద కట్టకుండా జారిపోతే పొడి మంచు. ముద్ద కడితే చెమ్మ మంచు. కొంచెం గట్టిగా పిండితేనే నీళ్లు కారితే బాగా తడిసిన మంచు. పొడి మంచు మీద స్కీ హాయిగా జారుతుంది. చెమ్మ ఎక్కువైతే అడుగున పట్టేసి, ముందుకు తూలి పడేస్తుంది. దానికి స్కీ అడుగున పూసే వేడి వాతావరణపు మైనం వేరే ఉంటుంది, కిరాయి దుకాణంలో అడిగి రాయించుకోండి.

రెండో పరీక్ష గట్టితనానిది. పారతో నిలువునా ఒక గుంట కోసి, దాని గోడను పై నుంచి కిందికి ఒక్కో పొర దగ్గర మెల్లగా నెట్టి చూడాలి. పిడికిలి దిగిపోతే చాలా మెత్తన. పిడికిలి దిగక నాలుగు వేళ్లు దిగితే మెత్తన. ఒక్క వేలే దిగితే నడిమి రకం. పెన్సిల్ మాత్రమే దిగితే గట్టిది, కత్తి మొనే దిగితే మహా గట్టిది. ప్రపంచమంతటా మంచు పరిశీలకులు వాడే కొలమానం ఇదే. బావి తవ్వేటప్పుడు ఒరల్లో మట్టి, మొరం, రాయి వరసగా కనబడినట్టు, ఆ చలికాలంలో పడ్డ ప్రతి వానా ఎండా గాలీ ఆ గోడలో పొరగా కనిపిస్తుంది. గట్టి పొర కింద మెత్తని పొర ఉందా అన్నదే మనం చూడాల్సింది. ఎందుకో కింద చెప్తాను.

ఈ పాఠాల్లో వాడుకోవడానికి మంచుకు నేను కొన్ని పేర్లు పెట్టుకున్నాను. కొత్తగా పడి తేలిగ్గా ఉండేది పిండి మంచు. అది పది సెంటీమీటర్లు పడితే కరిగేది సుమారు ఒక సెంటీమీటరు నీరు, మిగిలిందంతా గాలే. అందులో ఒక కాలు మీదే బరువు వేస్తే ఆ కాలు మునిగిపోతుంది, రెండు కాళ్ల మీదా సమంగా ఉంచాలి, స్కీ కూడా నడుము, అంటే నడిమి భాగం, వెడల్పుగా ఉన్నది తీసుకోవాలి. పగటి ఎండకు పైపొర కరిగి రాత్రికి గడ్డకడితే పెంకు మంచు. నేర్చుకునేవాళ్లు దానికి దూరంగా ఉండడమే మేలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో రోజూ కరిగి గడ్డకట్టి జొన్నగింజలంత పలుకులయ్యేది జొన్న మంచు. పొద్దున రాయిలాగా ఉండి, ఎండెక్కాక పైన రెండు వేళ్ల మందం మెత్తబడినప్పుడు దాని అంత సుఖమైన మంచు ఇంకోటి లేదు. అయితే బూటు చీలమండదాకా దిగుతుందంటే ఆ వాలు విడిచి వచ్చేయాలి. ఇక గాజు మంచు. దాని మీద స్కీ అంచు పదునే దిక్కు. చేతి గోటిని అంచు మీద అడ్డంగా ఆనించి లాగితే గోరు సన్నగా తురిమినట్టు రాలాలి. రాలకపోతే కిరాయి దుకాణానికి వాపసు ఇచ్చి సాన పెట్టించమనండి, మొహమాటపడకండి.

ఒక్క కొండ మీదే ఒకే రోజున ఇవన్నీ ఉంటాయి. గుల్మార్గ్ మైదానం ఎత్తు సుమారు 2,650 మీటర్లు, గొండోలా (తీగ మీద నడిచే పెట్టె బండి) రెండో దశ దిగే అఫర్వత్ కొండ మీది చోటు సుమారు 3,950. ప్రతి వెయ్యి మీటర్లకు ఇంచుమించు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుందని లెక్కేస్తే, కింద సున్నా ఉన్నప్పుడు పైన మైనస్ ఎనిమిది దాటుతుంది. కింద చెమ్మ, పైన పిండి. దక్షిణం వైపు వాలులో జొన్న, ఉత్తరం వైపు నీడలో ఇంకా పొడి.

ఇప్పుడు అసలు భయపడాల్సిన రెండు మంచులు. గాలి కొండకు ఒక వైపు నుంచి మంచును ఎత్తుకొచ్చి, చాటు వైపు గట్టి పలకలాగా పరుస్తుంది. ఇది పలక మంచు. చలికాలం మొదట్లో మంచు పలచగా ఉండి, రాత్రుళ్లు ఆకాశం తేటగా, చలి విపరీతంగా ఉంటే అడుగు పొర చక్కెర పలుకుల్లాగా మారుతుంది, ఒకదానికొకటి అతుక్కోదు. ఇది చక్కెర మంచు. చక్కెర మీద పలక కూర్చుంటే, ఆ పైన మనిషి కాలు పెడితే, పలక మొత్తం పగిలి జారుతుంది. హిమపాతాల్లో, అంటే కొండవాలు మంచు విరిగి జారిపడే ప్రమాదాల్లో, చనిపోయేవాళ్లలో ఎక్కువమందిని ముంచేది ఇట్లాంటి పలకే. దాన్ని కదిలించేది కూడా చాలాసార్లు వాళ్లో, వాళ్ల జట్టువాళ్లో. 2010 ఫిబ్రవరి 8న గుల్మార్గ్ పక్కన ఖిలన్‌మార్గ్‌లో శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు హిమపాతంలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొండల్లోనే ఉండి నేర్చుకుంటున్నవాళ్లు వాళ్లు. అందుకే తాళ్లు కట్టి హద్దు పెట్టిన వాలు దాటి, అనుభవమున్న గైడ్ లేకుండా ఒక్క అడుగు కూడా వేయవద్దని బతిమాలి చెప్తున్నాను. దాటేవాళ్ల దగ్గర ట్రాన్స్‌సీవర్ (మంచు కింద ఉన్నవాళ్ల జాడ పట్టే రేడియో పరికరం), ప్రోబ్ కర్ర (మంచులో గుచ్చి వెతికేది), పార మూడూ ఉండాలి. మంచు కింద పడ్డ మనిషికి మొదటి పదిహేను నిమిషాలే ముఖ్యం, బయటి నుంచి సాయం వచ్చేసరికి అవి అయిపోతాయి.

కాలి కింద "వుఫ్" మని బోలుగా చప్పుడైనా, స్కీ ముందు నుంచి చీలిక గీతలాగా పాకినా అది పలక మాట్లాడినట్టే, వెంటనే తక్కువ వాలుకు మళ్లండి. 1969లో మనాలిలో మొదలైన హిమపాత అధ్యయన సంస్థ 2020లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన డీజీఆర్ఈలో కలిసింది. చలికాలంలో హిమపాత హెచ్చరికలు ఇచ్చేది వాళ్లే, పొద్దున అవి చూడకుండా బయల్దేరకండి.

పలక జారేది ముఖ్యంగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో. ఆ వాలును కంటితో పోల్చుకోవడం మాత్రం ఇక్కడే, నల్లగొండలోనే నేర్చుకోవచ్చు. పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానిని తీసుకుని, దాని నడిమి చుక్క దగ్గర దారం కట్టి, కొసకు ఒక నట్టు వేలాడదీయండి. సాపు అంచును వాలు వెంట పెడితే, దారం 90 నుంచి ఎంత జరిగిందో అదే వాలు. ముందు మీ మేడ మెట్లకు పెట్టండి. మెట్ల అంచుల మీద కర్ర ఆనించి కొలిస్తే మామూలుగా 30 నుంచి 35 మధ్య వస్తుంది. అంటే రోజూ ఎక్కి దిగే ఆ మెట్ల వాలే పలక జారే వాలు. వీలైతే భువనగిరి గుట్టకు కూడా పోయి, మెట్ల దారి విడవకుండా పక్కనున్న బండ వాలును కంటితో అంచనా వేసి చూడండి. మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ ఆ ఏకశిల మీదే రాతి ఎక్కడం నేర్చుకుని, తర్వాత డార్జిలింగ్, లడఖ్‌లలో మంచు మీద సాధన చేసి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు.

ఈ వారం అభ్యాసం వంటింట్లో. ఒక పీట మీద గోనెపట్టా ముక్క పరిచి, దాని మీద జొన్నపిండి రెండు వేళ్ల మందాన పోసి అరచేత్తో అదమండి. పీటను ఒక వైపు మెల్లగా లేపుతూ, పిండి ఏ కోణం దగ్గర జారిందో కొలిచి రాయండి. రెండోసారి గోనె మీద ముందు చక్కెర పరిచి, దాని పైన పిండి పోసి, మొదటంత గట్టిగానే అదిమి, మళ్లీ లేపండి. నాకు రెండోసారి తక్కువ కోణానికే పిండి అచ్చు మొత్తం ఒక్కసారిగా కదిలింది. పైన ఎక్కడ చీలిందో, ఆ చీలిక ఎంత సాపుగా ఉందో ఆగి చూడండి. మూడుసార్లు చేసి సగటు తీయండి.

వచ్చే పాఠం బైండింగులు, అంటే పడ్డప్పుడు బూటును స్కీ నుంచి వదిలేసే బిగింపులు. వాటి బిగువు లెక్కకు మీ బరువు, ఎత్తు, వయసు రాసి పెట్టుకోండి. బూటు దొరికినవాళ్లు దాని మడమ పక్కన అచ్చులో ఉండే మూడంకెల మిల్లీమీటర్ల సంఖ్యను కూడా రాసుకోండి.