పెళ్లికూతురికి ఎయిర్‌బ్రషా, చేతి మేకప్పా?

బరంపురంలోనైనా పర్లాకిమిడిలోనైనా పెళ్లి మేకప్ మాట్లాడుకోబోతే ముందు అడిగేది ఇదే. రేటు ఎక్కువ కాబట్టి ఎయిర్‌బ్రషే మేలని ఒప్పేసుకోకండి. ఆ రోజు ముఖాన్ని ఎన్ని చేతులు తాకుతాయి, చెదిరితే పీటల మీదే సర్దుకోగలమా అన్నది చూడండి. మా లెక్కలో మిగతావన్నీ దాని తర్వాతే.

ఎయిర్‌బ్రష్‌కి చిన్న కంప్రెసర్, పెన్ను లాంటి గన్, దాని మీద బుల్లి కప్పు ఉంటాయి. కప్పులో 8 నుంచి 12 చుక్కల పల్చటి ఫౌండేషన్ పోసి, ముఖానికి 15-20 సెంటీమీటర్ల దూరం నుంచి, 10 పీఎస్‌ఐ లోపు ఒత్తిడితో చెయ్యి ఆపకుండా తిప్పుతూ కొడతారు. ఒక పొర ఆరాకే రెండోది. గన్ దగ్గరగా తెచ్చినా, ఒకేచోట నిలిపినా తడి చేరి కారుతుంది. పాత రంగు గన్ కొనలో (నాజిల్‌లో) ఎండిపోయి ఉంటే ముఖం మీద తుంపర్లు పడతాయి, అందుకే ముందు టిష్యూ మీద కొట్టి చూపించమనండి. కొడుతున్నంతసేపూ కళ్లు మూసుకోవాలి, ముక్కు, నోటి దగ్గర కొట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. కళ్లు, కనుబొమలు, పెదవులు ఎలాగూ చేత్తోనే దిద్దుతారు.

ఇది రంగును సమం చేస్తుంది కానీ మొటిమల గుంటల్ని పూడ్చదు. బుగ్గల మీద నూగు ఉంటే రంగు దాని మీదే కూర్చుని దగ్గరి ఫొటోల్లో తెల్లగా కనబడుతుంది, కాబట్టి నూగు తీయించుకునే పని రెండు మూడు రోజుల ముందే కానివ్వండి. కొరాపుట్ కొండమీద మార్గశిరంలో పెళ్లయితే చలికి చర్మం పొట్టు లేస్తుంది, ఎయిర్‌బ్రష్ ఆ పొట్టును ఇంకా ఎత్తి చూపిస్తుంది. అక్కడ క్రీము ఫౌండేషన్ చేత్తో వేయించుకోండి. వైశాఖంలో గోపాలపూర్ ఉక్కపోతలో సంగతి వేరు. చెమటకు సిలికాన్ రకం ఎయిర్‌బ్రష్ బాగా నిలుస్తుంది. నీళ్ల రకం చర్మం మీద తేలిగ్గా ఉంటుంది, కానీ కన్నీటి చారలు పడతాయి. ఏ రకం వాడతారో పేరు పెట్టి అడగండి. ఫౌండేషన్ కింద రాసే ప్రైమర్ సిలికాన్‌దైతే, దాని మీద నీళ్ల రకం కొడితే తామరాకు మీద నీటిబొట్టులా విడిపోతుంది.

ఇక బాసికం. దాని దారం నుదుటి మీదుగా కణతల పక్కనుంచి వెనక్కి వెళ్తుంది. గంటల తరబడి అక్కడే ఒరుసుకుంటే దారం మందాన మేకప్ చెరిగి గీత పడి, కింది చర్మం బయటపడుతుంది. పైనుంచి జీలకర్ర బెల్లం కరిగి నుదుటి అంచుకు జారుతుంది. చేతి మేకప్ అయితే టిష్యూతో తడి అద్ది తీసి, స్పాంజితో కాస్త ఫౌండేషన్ తట్టి, పౌడరు వేస్తే రెండు నిమిషాల్లో కలిసిపోతుంది. సిలికాన్ పొర మీద స్పాంజితో రుద్దితే గీత చుట్టూ ఉన్నది కూడా పెచ్చులా లేచొస్తుంది. దాన్ని సర్దాలంటే అదే ఫౌండేషన్ ఒక్క చుక్క చేతి వెనక వైపు వేసుకుని, సన్నని బ్రష్ కొనతో గీత మీద మాత్రమే తట్టాలి. ఆ చిన్న సీసా ఇచ్చి వెళ్లమని ముందే మాట తీసుకోండి. అప్పగింతల కన్నీళ్లకూ ఇదే పద్ధతి: టిష్యూ మడిచి కంటి కింద ఆనించాలి, తుడవకూడదు.

ఒడియా సంబంధం అయితే నుదుటి మీద చందనం చుక్కలు పెడతారు. సిలికాన్ మీద తడి చందనం పట్టదు. చుక్కలు పెట్టే చోట ముందు పల్చగా పౌడరు అద్దించండి.

చేతి మేకప్ చెడిపోయేది ఎక్కువగా తొందర వల్లే. పసుపు రాసుకున్నాక ముఖాన ఆ ఛాయ మిగిలిపోతుంది. దూదితో కొబ్బరినూనె అద్ది తీసి, ఫేస్‌వాష్‌తో జిడ్డు పోగొట్టాలి, లేకపోతే ఫౌండేషన్ ఛాయ తప్పుతుంది. మాయిశ్చరైజర్ రాశాక పది నిమిషాలు ఆగాలి. బఠాణీ గింజంత ప్రైమర్ చాలు. కంటి కింద నలుపుకు నారింజ ఛాయ కరెక్టర్ పల్చగా వేయాలి. ఫౌండేషన్‌ను తడిపి పిండిన స్పాంజితో అద్దాలి, రాయకూడదు. ఛాయను దవడ దగ్గర, పగటి వెలుతురులో చూడాలి. చెమ్మ ఉండగానే పౌడరు గుప్పిస్తే అట్టకట్టి నవ్వినచోటల్లా పగులుతుంది. ముందు టిష్యూ ఆనించి, ఆ తర్వాతే పౌడరు. సిలికా పౌడరు ఎక్కువైతే ఫ్లాష్‌లో ముఖం తెల్లగా పాలిపోతుంది.

తేల్చుకోలేకపోతే ట్రయల్‌లో ఒక చెంపకు ఎయిర్‌బ్రష్, ఒక చెంపకు చేతిది వేయించుకోండి. దానికి రెండు రోజుల ముందు చెవి వెనక రెండు రకాలూ కొంచెం రాసి దురద వస్తుందేమో చూసుకోవాలి. ట్రయల్ తర్వాత ఐదారు గంటలు ఇంటి పనుల్లో తిరగండి, నుదుటికి దారం కట్టుకోండి, కంటి కింద నీటిచుక్క వేయండి, ఫ్లాష్‌తోనూ పగటి వెలుతురులోనూ ఫొటోలు తీయించండి. ఏ చెంప నిలిచిందో మీకే తెలుస్తుంది.

మామూలుగా మేం చెప్పేది: రాత్రి ముహూర్తానికి చేతిది, మర్నాటి రిసెప్షన్‌కి ఎయిర్‌బ్రష్. రిసెప్షన్‌లో మూడు నాలుగు గంటలు నిలబడి ఫొటోలు దిగడమే కదా, ముఖాన్ని ఎవరూ ముట్టుకోరు. ముహూర్తానికే ఎయిర్‌బ్రష్ కావాలంటే కంప్రెసర్ బ్యాటరీతో నడుస్తుందా అని అడగండి. సగం ముఖం కొట్టాక కరెంటు పోతే మిగతా సగాన్ని స్పాంజితో కలపడం కుదరదు. టిష్యూలు, పౌడరు, లిప్‌స్టిక్, ఆ చిన్న సీసా సంచిలో పెట్టి పీటల వెనక కూర్చునే తోడిపెళ్లికూతురికి ఇవ్వండి, తట్టడం ఎలాగో ట్రయల్ రోజే ఆమెకు చూపించండి.