నెట్‌వర్క్ విశ్లేషణ సాఫ్ట్‌వేర్: ఇన్‌స్టాల్ చేసుకోవడం నుంచి విడుదల చేయడం దాకా

విజయవాడ జంక్షన్ నుంచి రైలు పట్టాలు నాలుగు వైపులకు వెళ్తాయి: కాజీపేట వైపు, ఏలూరు వైపు, గుడివాడ వైపు, కృష్ణా నదిని దాటి కృష్ణా కెనాల్ జంక్షన్ వైపు. కృష్ణా కెనాల్ దగ్గర దారి చీలి ఒకటి గుంటూరుకు, ఒకటి తెనాలికి పోతుంది. గుంటూరు, తెనాలి మధ్య మరొక లైను ఉంది. తెనాలి నుంచి ఒక కొమ్మ రేపల్లె దాకా పోయి ఆగుతుంది. తూర్పున ఏలూరు నుంచి నిడదవోలుకు, అక్కడి నుంచి భీమవరానికి, భీమవరం నుంచి గుడివాడకు పట్టాలున్నాయి. గుడివాడ నుంచి మచిలీపట్నానికి, భీమవరం నుంచి నరసాపురానికి చెరొక కొమ్మ ఉంది. మధ్యలోని చిన్న స్టేషన్లను, చెన్నై, విశాఖపట్నం వైపు సాగిపోయే లైన్లను కావాలనే వదిలేస్తే, మిగిలేది 12 నోడ్‌లు (స్టేషన్లు), 13 ఎడ్జ్‌లు (వాటిని కలిపే లైన్లు) ఉన్న నెట్‌వర్క్; దీన్నే గ్రాఫ్ అని కూడా అంటారు.

గ్రాఫ్ విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌ను ఏ కంప్యూటర్‌లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసినా నేను మొదట ఎక్కించేది ఈ నెట్‌వర్క్‌నే. తెర మీద కిటికీ తెరుచుకున్నంత మాత్రాన సాఫ్ట్‌వేర్ సరిగా కుదురుకుందని నమ్మడానికి లేదు; మనకు ముందే తెలిసిన జవాబులను అది చెప్పాలి. ఈ నెట్‌వర్క్‌కు జవాబులు కాగితం మీద చేతితో వేసుకోవచ్చు. విజయవాడ డిగ్రీ, అంటే దానికి నేరుగా తగిలే ఎడ్జ్‌ల సంఖ్య, 4. త్రిభుజం ఒక్కటే: కృష్ణా కెనాల్, గుంటూరు, తెనాలి. వ్యాసం, అంటే నోడ్‌ల జంటల మధ్య ఉన్న అతి దగ్గరి దారులలో అన్నిటికన్నా పొడవైనదానిలోని ఎడ్జ్‌ల సంఖ్య, 6; అది రేపల్లె నుంచి నరసాపురానికి ఉన్న దూరం. తీసేస్తే నెట్‌వర్క్ రెండు ముక్కలయ్యే ఎడ్జ్‌ను గ్రాఫ్ సిద్ధాంతంలో బ్రిడ్జ్ అంటారు. అలాంటివి ఇక్కడ 5 ఉన్నాయి, వాటిలో విజయవాడ–కృష్ణా కెనాల్ ఎడ్జ్ నిజంగానే కృష్ణ మీది రైలు వంతెన. ఆ తరువాత గుంటూరు–నడికుడి, నడికుడి–సికింద్రాబాద్, సికింద్రాబాద్–కాజీపేట ఎడ్జ్‌లను చేర్చి మళ్లీ లెక్కించమంటే, నోడ్‌లు 14, ఎడ్జ్‌లు 16 అయి, బ్రిడ్జ్‌లు 3కు తగ్గాలి, ఎందుకంటే నది అవతలికి పోవడానికి చుట్టుదారి ఒకటి దొరికింది. ఈ అంకెలను ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. ఇకపై ప్రతి మెట్టులోనూ వాటి అవసరం ఉంటుంది.

ఏది ఎంచుకోవాలి

ప్రోగ్రామింగ్ రానివారికి, నెట్‌వర్క్‌ను బొమ్మగా చూడదలచినవారికి గెఫీ సరిపోతుంది. పైథాన్ తెలిసిన విద్యార్థికి నెట్‌వర్క్‌ఎక్స్ మొదటి మెట్టు. 2002లో అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో మొదలై, 2005లో అందరికీ విడుదలైన ఈ లైబ్రరీ దాదాపు పూర్తిగా పైథాన్‌లోనే రాసి ఉండడం వల్ల దాని కోడ్‌ను చదివి నేర్చుకోవచ్చు. అదే కారణం వల్ల లక్షల నోడ్‌ల మీద అది నెమ్మదిస్తుంది. అప్పుడు సీ భాషలో గుండెకాయ ఉన్న ఐగ్రాఫ్ వైపు వెళ్లాలి. దాన్ని పైథాన్ నుంచీ ఆర్ నుంచీ కూడా పిలవవచ్చు. నా అభిప్రాయంలో విద్యార్థి నెట్‌వర్క్‌ఎక్స్‌తో నేర్చుకుని, ఐగ్రాఫ్‌తో పని చేసి, గెఫీతో చూపించడం మంచిది.

ఇన్‌స్టాల్ చేయడం

గెఫీ గురించి చెప్పవలసింది తక్కువ. పాత వెర్షన్లకు జావాను విడిగా పెట్టుకోవలసి వచ్చేది, సరైన జావా దొరకక అది తెరుచుకోకపోవడమే చాలామందికి ఎదురైన ఇబ్బంది. ఇప్పటి వెర్షన్లలో జావా లోపలే వస్తుంది. కాబట్టి కళాశాల సర్వర్‌లో ఎప్పుడో దాచిన పాత ఫైలును వాడకుండా అధికారిక సైట్ నుంచి కొత్తది దించుకోండి.

పైథాన్ విషయంలో కొంచెం ఓపిక కావాలి. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాలర్ మొదటి తెర మీదనే, పాత్‌కు, అంటే సిస్టమ్ ఆదేశాల కోసం వెతికే చోట్ల జాబితాకు, చేర్చాలా అని అడిగే చిన్న గడి ఉంటుంది. దానికి టిక్కు పెట్టకుండా ముందుకు పోతే, తరువాత టెర్మినల్‌లో పైథాన్ అని కొట్టినప్పుడు ఆ ఆదేశం దొరకడం లేదనే సమాధానం వస్తుంది. ఉబుంటు, డెబియన్ కొత్త వెర్షన్లలో, పైథాన్ ప్యాకేజీలను తెచ్చిపెట్టే పిప్‌తో నేరుగా ఇన్‌స్టాల్ చేయబోతే, ఈ పైథాన్‌ను సిస్టమ్ నిర్వహిస్తోందని చెప్పి అది నిరాకరిస్తుంది. ఆ నిరాకరణను బలవంతంగా తోసిపుచ్చే మార్గం ఉంది గాని, దాన్ని వాడవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే సిస్టమ్ సొంత పనిముట్లు కూడా అదే పైథాన్ మీద ఆధారపడి ఉంటాయి. ప్రతి ప్రాజెక్టుకూ వెన్వ్ మాడ్యూల్‌తో ఒక ప్రత్యేక వాతావరణం సృష్టించి, దాన్ని యాక్టివేట్ చేసి, ఆ తరువాతే పిప్‌తో నెట్‌వర్క్‌ఎక్స్‌ను, ఐగ్రాఫ్‌ను తెచ్చుకోండి.

ల్యాబులో 60 కంప్యూటర్లుండి, ఇంటర్నెట్ ఒక్కదానికే సరిగా వచ్చే పరిస్థితి మన కళాశాలల్లో కొత్త కాదు. అప్పుడు ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌లో పిప్ డౌన్‌లోడ్ ఆదేశంతో కావలసిన ప్యాకేజీలను, అవి ఆధారపడే వాటితో సహా, ఒక ఫోల్డర్‌లోకి దించి, పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్లి, మిగతావాటిలో ఇంటర్నెట్‌లోని ప్యాకేజీల ఇండెక్స్‌ను చూడవద్దనీ ఆ ఫోల్డర్‌లోనే వెతకమనీ పిప్‌కు చెప్పి ఇన్‌స్టాల్ చేయవచ్చు. అన్ని కంప్యూటర్లలోనూ ఆపరేటింగ్ సిస్టమ్, పైథాన్ వెర్షన్ ఒకటే అయి ఉండాలి. లేకపోతే సీ కోడ్ ఉన్న ఐగ్రాఫ్ వంటి ప్యాకేజీలు ఆ ఫైళ్లతో ఎక్కవు.

పాత ల్యాబ్ మాన్యువల్‌లోని ప్రోగ్రాములు కొత్త నెట్‌వర్క్‌ఎక్స్‌లో ఆగిపోతే ఇన్‌స్టాల్ చెడిందని అనుకోవద్దు. 2023 జనవరిలో వచ్చిన 3.0 వెర్షన్‌లో గ్రాఫ్ వివరాలను ముద్రించే ఇన్‌ఫో, పైథాన్ సొంత ఫైలు రూపమైన పికిల్‌లో గ్రాఫ్‌ను దాచే, చదివే ఫంక్షన్లు తొలగించారు. మాన్యువల్‌ను మార్చడమే సరైన దారి.

తెలుగు పేర్లతో వచ్చే చిక్కు

ఇక్కడే నేను ఎక్కువ సమయం పోగొట్టుకున్నాను, కాబట్టి వివరంగా చెబుతాను. గుంటూరులో ఒక ఇంజినీరింగ్ కళాశాల ల్యాబులో ఈ రైల్వే నెట్‌వర్క్‌ను విద్యార్థుల చేత తెలుగులోనే టైపు చేయించాను. కొందరికి 12 నోడ్‌లు వచ్చాయి, కొందరికి 13 వచ్చాయి. తెర మీద రెండు జాబితాలూ ఒకేలా కనిపించాయి. వెతగ్గా, కెనాల్ అనే మాట చివర పొల్లు తరువాత కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తున్నాయని తేలింది; దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఆ అక్షరం ఉన్న కృష్ణా కెనాల్ వేరు, లేని కృష్ణా కెనాల్ వేరు. దాంతో ఒకే జంక్షన్ రెండు నోడ్‌లై, ఒకరి ఫైలులో విజయవాడకూ తెనాలికీ మధ్య దారే తెగిపోయింది.

ఒకే అక్షరానికి ఉండే వేర్వేరు కోడ్ రూపాలను ఒకటి చేసే యూనికోడ్ సాధారణీకరణ పద్ధతులలో మామూలుగా వాడే ఎన్‌ఎఫ్‌సీ ఈ అక్షరాన్ని తొలగించదు. అలాగని అంతటా తొలగించడమూ తగదు, ఎందుకంటే నెట్‌వర్క్ వంటి మాటల మధ్య నుంచి దాన్ని తీసేస్తే ట కింద వ వత్తు పడి రూపం మారిపోతుంది. అందువల్ల ప్రతి స్థలానికీ రెండు రూపాలు ఉంచండి: ఈ అక్షరాన్నీ, ముందు వెనుకల ఖాళీలనూ తీసేసిన రూపం గుర్తింపు కోసం, యథాతథ రూపం బొమ్మలో లేబుల్ కోసం. ఆ తరువాత నోడ్‌ల సంఖ్యను మీ కాగితంతో పోల్చి చూసుకోండి.

ఎక్సెల్ నుంచి ఫైలు దాచేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాక యూటీఎఫ్-8 సీఎస్‌వీ ఎంచుకోవాలి, లేకపోతే తెలుగు అంతా ప్రశ్నార్థకాలవుతుంది. అలా దాచిన ఫైలు మొదట్లో బామ్ అనే గుర్తు ఉంటుంది; పైథాన్‌లో యూటీఎఫ్-8-సిగ్ అనే ఎన్‌కోడింగ్‌తో చదవకపోతే మొదటి నిలువు వరుస శీర్షికకు అది అతుక్కుని, సోర్స్ అనే వరుస లేదని ప్రోగ్రామ్ ఫిర్యాదు చేస్తుంది. గెఫీకి ఇచ్చే ఎడ్జ్‌ల పట్టికలో సోర్స్, టార్గెట్ అనే శీర్షికలు ఇంగ్లీషు అక్షరాలలోనే ఉండాలి. ఆ పట్టికను గెఫీలోకి ఎక్కించేటప్పుడు వచ్చే నివేదికలో గ్రాఫ్ రకాన్ని దిశలు లేనిదిగా మార్చాలి. బొమ్మలు గీసే పైథాన్ లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గీసినప్పుడు తెలుగు పేర్ల స్థానంలో గళ్లు కనిపిస్తే, దాని సొంత ఫాంట్‌లో తెలుగు లేదని అర్థం. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంట్‌ను విడిగా చూపాలి.

ఒకే నెట్‌వర్క్, రెండు జవాబులు

బిట్వీన్‌నెస్ అంటే మిగతా జంటల మధ్య అతి దగ్గరి దారులలో ఒక నోడ్ ఎంత తరచుగా పడుతుందో చెప్పే కొలత. విజయవాడకు దీన్ని ఐగ్రాఫ్‌లో లెక్కిస్తే 36 వస్తుంది. నెట్‌వర్క్‌ఎక్స్‌లో లెక్కిస్తే దాదాపు 0.6545 వస్తుంది. రెండూ సరైనవే. విజయవాడ కాక మిగిలిన 11 నోడ్‌ల నుంచి 55 జంటలు ఏర్పడతాయి. నెట్‌వర్క్‌ఎక్స్ అడగకుండానే 36ను 55తో భాగించి ఇస్తుంది, ఐగ్రాఫ్ అడిగితే తప్ప భాగించదు. గెఫీలో దీనికి ఒక గడి ఉంది. చేతితో సరిచూద్దాం: కృష్ణకు దక్షిణాన 4 స్టేషన్లు, కాజీపేట వైపు 1, తూర్పున 6; ఒక గుంపు నుంచి మరో గుంపుకు పోయే 34 జంటలూ విజయవాడ మీదుగానే వెళ్లాలి, వాటికి ఏలూరు–గుడివాడ, ఏలూరు–మచిలీపట్నం జంటలు తోడై 36 అవుతాయి. ప్రాజెక్టు నివేదికలో బిట్వీన్‌నెస్ అంకె రాసేవారు ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, భాగించినదా కాదా అన్న మూడు వివరాలనూ పక్కనే రాయాలి. ఇవి లేని అంకెను మరొకరి అంకెతో పోల్చడం కుదరదు.

మీ పనిముట్టును విడుదల చేయడం

తెలుగు పేర్లను శుభ్రం చేసి గ్రాఫ్‌గా మార్చే చిన్న పనిముట్టును మీరు రాశారనుకుందాం. కోడ్‌ను గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ కాదు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన కిందికే వస్తుంది. లైసెన్స్ రాసి ఇవ్వకపోతే హక్కులన్నీ హక్కుదారువే, ఇతరులు దాన్ని చట్టబద్ధంగా మార్చి పంచలేరు. ఉద్యోగంలో భాగంగా రాసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు యజమానిది, కాబట్టి ముందుగా సంస్థ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నెట్‌వర్క్‌ఎక్స్‌ది ఉదారమైన బీఎస్‌డీ లైసెన్స్, దాని మీద కట్టినదానికి మీకు నచ్చిన లైసెన్స్ పెట్టుకోవచ్చు. ఐగ్రాఫ్‌ది జీపీఎల్, దాన్ని కలిపి పంచితే ఆ షరతులకు లోబడాలి. ఈ నిర్ణయం మొదటి రోజే జరగాలి. పదిమంది కోడ్ చేర్చాక లైసెన్స్ మార్చాలంటే పదిమందినీ అడగాలి.

తరువాత ప్యాకేజీ వివరాలుండే pyproject.toml అనే ఫైలులో పేరు, వెర్షన్, అవసరమయ్యే పైథాన్ వెర్షన్, ఆధారపడే ప్యాకేజీలు రాయాలి. మొదటి వెర్షన్‌కు 0.1.0 అని పెట్టడం వాడుక. రైల్వే నెట్‌వర్క్‌ను ప్యాకేజీలోని పరీక్షల ఫోల్డర్‌లో చేర్చి, 12, 13, 5, 36 అనే అంకెలను పరీక్షలుగా రాయండి. ఒక ఫైలులో కనిపించని ఆ అక్షరాన్ని కావాలనే ఉంచి, అప్పుడు కూడా 12 నోడ్‌లే రావాలని మరొక పరీక్ష రాయండి. పనిముట్టును ఎలా వాడాలో చెప్పే రీడ్‌మీ ఫైలు తెలుగులోనూ ఉంటే మంచిదని నా కోరిక. ఇలాంటి పనిముట్టు అవసరం ఎక్కువగా పడేది తెలుగులో డేటా ఉన్నవారికే.

బిల్డ్ ఆదేశంతో సోర్స్ ఫైలు, ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా ఉండే వీల్ ఫైలు తయారవుతాయి. పైథాన్ ప్యాకేజీలను అందరికీ పంచే సైట్ పైపీఐ; ఆ ఫైళ్లను మొదట దాని ప్రయోగ సైట్ అయిన టెస్ట్ పైపీఐకి పంపి చూడాలి. అసలు పైపీఐలో 2024 జనవరి నుంచి రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. అక్కడ ఒకసారి ఎక్కించిన ఫైలు పేరును, ఫైలును తొలగించినా సరే, మళ్లీ వాడనివ్వరు. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో అదే వెర్షన్ సంఖ్యతో ట్యాగ్ పెట్టండి. పరిశోధన ఫైళ్లను భద్రపరిచే జెనోడో సైట్‌తో ముందే అనుసంధానించి ఉంటే, గిట్‌హబ్‌లో విడుదల ప్రకటించగానే దానికి డీఓఐ అనే శాశ్వత గుర్తింపు వస్తుంది, పరిశోధన వ్యాసాలలో ఉదహరించడానికి అది పనికొస్తుంది.

ఇక చివరి పని మీ కంప్యూటర్‌లో చేసేది కాదు. మీ కోడ్‌ను ఎన్నడూ చూడని స్నేహితుని కంప్యూటర్‌లో, వీలైతే మీరు వాడని ఆపరేటింగ్ సిస్టమ్‌లో, కొత్త వాతావరణం తెరిచి, రీడ్‌మీలో రాసినది మాత్రమే చూస్తూ పైపీఐ నుంచి ఇన్‌స్టాల్ చేయించండి. మీరు నోరు విప్పి చెప్పవలసి వచ్చిన ప్రతి మాటనూ రీడ్‌మీలో చేర్చండి. బ్రిడ్జ్‌లు 5 రాకపోతే ఆ వెర్షన్‌ను పైపీఐలో యాంక్ చేయండి. అప్పుడు ఆ వెర్షనే కావాలని అడిగినవారికి తప్ప మిగతావారికి పిప్ దాన్ని ఇవ్వదు. తప్పును దిద్ది, మార్పుల పట్టికలో ఏది తప్పిందో రాసి, 0.1.1ను విడుదల చేయండి.